నలభై ఒకటో వరుస

నేను జావాస్క్రిప్ట్ నేర్చుకున్న గది శ్రీకాకుళంలో ఒక మందుల దుకాణం మేడ మీద ఉండేది. డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్నవాళ్ళం పదిహేనుమందిమి, కంప్యూటర్లు పది. సముద్రపు ఊరి నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఊరు శ్రీకూర్మం దాటాక, రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట ఉంటుంది. పొద్దున్నే చేపల గంపల మధ్య ఆటోలో వచ్చేదాన్ని. మొదటి వారం నా పక్కన కూర్చున్న అమ్మాయి ముక్కు అటు తిప్పుకునేది. నేను కావాలనే ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని. నా బుద్ధే అంత.

నేను రాసిన మొదటి పేజీ రెండు అంకెలు కూడి చూపించాలి. అరవై వరుసలు రాశాను. తెరిస్తే తెల్ల కాగితంలా ఉంది. అక్షరం లేదు, అంకె లేదు. మాస్టారు వెనక నుంచి వంగి, కీబోర్డు పై వరుసలో ఒక మీట నొక్కించారు. కింద ఒక చిన్న గది తెరుచుకున్నట్టయింది. అందులో ఒక ఎర్ర గీత. సింటాక్స్ ఎర్రర్ అట. రాత అయిపోయింది గానీ మూయాల్సిన బ్రాకెట్టు ఇంకా మూయలేదని దాని ఫిర్యాదు. వెతుక్కుంటూ పోతే పన్నెండో వరుసలో తెరిచిన బ్రాకెట్టు చివరిదాకా అలాగే తెరిచి ఉంది.

"మొదటి పదకొండు వరుసలూ బాగానే ఉన్నాయి కద సార్. అవైనా నడవాల గదా?" అని అడిగాను. తప్పు నాదే అయినా ముందు ఎదుటివాళ్ళని నిలదీయడం నాకు అలవాటు.

"ముందు మొత్తం సదువుతాదమ్మా. ఎక్కడైనా అర్థం కాకపోతే ఒక్క అడుగు కూడా ఎయ్యదు," అన్నారాయన.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పక్కవాళ్ళకి చెబితే నవ్వారు. కానీ నేను పుట్టినప్పటినుంచీ చూసింది అదే. మా మావ, అంటే మా మేనత్త మొగుడు, పడవని నీళ్ళలోకి తోసేముందు చుట్టూ ఒకసారి చేత్తో తడుముకుంటూ తిరిగేవాడు. తాడు, ఇంజను, నీళ్ళ డబ్బా, వల. ఎక్కడైనా చెయ్యి ఆగిందంటే ఆ రోజు పడవ ఒడ్డునే. మా ఊరి మనుషులు ప్రాణభయంతో చేసే పని ఈ మిషను ఏ భయమూ లేకుండా, రెప్పపాటులో చేస్తోందే అని ఆశ్చర్యపోయాను.

తర్వాత రెండో రకం తప్పు నేర్పారు. రాత అంతా సరిగ్గానే ఉంటుంది, ప్రోగ్రాం బయల్దేరుతుంది, దారి మధ్యలో ఉండాల్సినది ఉండదు. ఉందనుకున్న పేరు ఉండదు, వస్తుందనుకున్న అంకె రాదు. అప్పుడు ఎక్సెప్షన్ పుడుతుంది. నన్ను కట్టిపడేసింది అది పుట్టడం కాదు, అది ప్రయాణం చేసే తీరు. ప్రోగ్రాంలో ఒక పని తన లోపల ఇంకో పనిని పిలుచుకుంటుంది. తేడా వస్తే లోపలి పని దాన్ని తనని పిలిచిన పనికి విసురుతుంది. అక్కడ పట్టుకునేవాళ్ళు లేకపోతే అది ఇంకా పైదానికి పోతుంది. అలా ఎక్కుతూ ఎక్కుతూ, ఎవరూ పట్టుకోకపోతే చివరికి ఎర్ర గీతై బయటపడుతుంది. ఎక్కడ పడిపోయిందో, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో అన్నీ వెంట తెచ్చుకుంటుంది. ఒక్క సంగతి దాచుకోదు. అంత నిజాయితీ నేను మనుషుల్లో చూడలేదు, నాలో అసలు లేదు. పట్టుకోవాలంటే మనం ముందే 'ట్రై' అని రాసి, దాని కింద 'క్యాచ్' అని చెయ్యి చాపి ఉంచాలి. పట్టుకున్నాక ఏం చెయ్యాలన్నది మన ఇష్టం. ఆ 'మన ఇష్టం' అనే మాట దగ్గరే నేను బోల్తా పడ్డాను.

రెండేళ్ళ తర్వాత సంగతి. అప్పటికి పట్నంలో ఒక చిన్న ఆఫీసులో పనికి కుదిరాను. మా ఊరి మత్స్యకారుల సంఘానికి ఒక కంప్యూటరు వచ్చింది. తుఫాను షెల్టరు గదిలో దాన్ని పెట్టి, పసుపు రాసి, నన్ను పిలిచారు. ఏ బోటు ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు వచ్చింది అన్నది పట్నంలోని అధికారులకి కూడా కనబడేలా ఒక పేజీ చెయ్యాలి. గాలి హెచ్చరిక వచ్చినప్పుడల్లా వాళ్ళు ఫోను చేసి అడగడం, ఇక్కడ సంఘం గుమస్తా తాత ఒడ్డుకి పరిగెత్తి చూసి చెప్పడం ఇంక అక్కర్లేదన్నమాట. బయట బోట్లుంటే పేజీ పైన వాటి లెక్క కనబడుతుంది. లేకపోతే 'అన్ని బోట్లూ ఒడ్డుకు చేరాయి' అని ఉంటుంది. ఆ వాక్యాన్ని నేను ముందే పేజీలో రాసి పెట్టాను. ప్రోగ్రాం బోట్లన్నీ చూసుకుంటూ పోయి, చివర్న బయట ఉన్నవేమైనా తేలితే దాని బదులు అంకె వేస్తుంది.

బోట్ల పేర్లు, వేళలు ఎక్కించేది గుమస్తా తాత. ఒక్క వేలితో కొట్టేవాడు. పేరు కొట్టాక బొటనవేలు పెద్ద మీట మీద పెట్టి ఆలోచించడం ఆయన అలవాటు. దాంతో ప్రతి పేరు వెనకా బారెడు ఖాళీ. ఆ ఖాళీని కత్తిరించడానికి ట్రిమ్ అనే చిన్న పనిని నలభై ఒకటో వరుసలో పెట్టాను. ఏ గడైనా పూర్తిగా ఖాళీగా వదిలేస్తే దాన్ని దాచడం దేనికని, అసలా గడే లేనట్టు చేశాను. అప్పుడు అది తెలివనుకున్నాను.

పేజీని సంఘం పెద్దలకి చూపించిన రోజు మధ్యలో ఏదో తేడా వచ్చి, 'తప్పు' అని రాసున్న పెట్టె ఒకటి తెర మీద తెరుచుకుంది. తప్పు దొరకగానే తెర మీద చెప్పేలా నేనే రాశాను మరి. పదిమంది పెద్దలు ఒక్కసారి వెనక్కి జరిగారు.

"ఇదేటమ్మా, మంచి పని మొదలెడతంటే తప్పు తప్పని అరుస్తన్నాది?" అన్నాడొకాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. చదువుకున్న ఆడపిల్లని, ఊరంతా చూస్తుండగా నేను రాసినదే నా పరువు తీసింది. ఆ సాయంత్రమే ప్రోగ్రాం మొత్తాన్ని ఒక ట్రైలో పెట్టి, కింద క్యాచ్ రాసి, ఆ రెండు బ్రాకెట్ల మధ్య ఏమీ రాయకుండా వదిలేశాను. అంటే ఏ తప్పొచ్చినా పట్టుకో, పట్టుకుని ఊరుకో. మళ్ళీ ఎప్పుడూ పెట్టె తెరుచుకోలేదు. నోరు మూయించానని మీసం లేదు గానీ ఉంటే మెలేసేదాన్నే.

రెండు నెలలు అంతా సవ్యంగా నడిచింది. ఒకరోజు పొద్దున్న గాలి హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆఫీసు కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయి. అత్త దగ్గర్నుంచి ఫోను.

"ఒసే, బోటు ఎతకడానికి ఎవులైనా బయల్దేరినారా? మీ పట్నపోలు ఏటంతన్నారు?"

"ఏ బోటత్తా?" అంటూనే పేజీ తెరిచాను. పైన పెద్ద అక్షరాలతో ఉంది. నాకు సంతోషం వేసింది కూడా. "అందరూ ఒచ్చేసినారత్తా! ఇక్కడ రాసున్నాది, అన్ని బోట్లూ ఒడ్డుకి సేరిపోనాయి."

"మరి నా ఇంటి మడిసి ఏడే?" అంది అత్త.

మావా, మావ తమ్ముడూ తెల్లవారకుండా వెళ్ళారట. పదింటికల్లా రావాలి. మిగతా బోట్లన్నీ పదకొండుకి వచ్చేశాయి. మధ్యాహ్నం దాకా చూశారు. తర్వాత కంప్యూటరు పట్నానికి చెప్పేసే ఉంటుందని, ఎవరో ఒకరు వస్తారని ఒడ్డు మీదే ఉండిపోయారు. అక్కడ పట్నంలో అధికారులు నా పేజీ చూసి, మా ఊరి సంగతి ఇంక చూడక్కర్లేదని పక్క ఊళ్ళ మీద పడ్డారు. ఇటువాళ్ళు అటువాళ్ళని నమ్మారు, అటువాళ్ళు ఇటువాళ్ళని నమ్మారు, మధ్యలో ఉన్నది నేను రాసిన వాక్యం.

ముందు అధికారుల గదికి ఫోను చేశాను. "మా ఊరి బోటొకటి రాలేదు సార్, ఇద్దరు మనుషులున్నారు." అవతలాయన పేజీ చూస్తూనే మాట్లాడుతున్నాడు. "అన్నీ చేరాయని ఉందికదమ్మా?" అన్నాడు. "అది అబద్ధం సార్, అది రాసింది నేనే," అన్నాను. జీవితంలో మొదటిసారి ఎవరినీ నిలదీయకుండా తప్పు ఒప్పుకున్నది అప్పుడే. ఆయన గొంతు మారిపోయింది. ఎటు వెళ్ళారు, ఎంత లోతుకి వెళ్ళారు, వెంటనే చెప్పమన్నాడు. సముద్రం అంతా వెతకలేం గదా అన్నాడు.

ఆ వివరం తాత ఎక్కించే ఉంటాడు. పొద్దున్నే ప్రతి బోటు పక్కనా ఎటు వెళుతున్నారో అడిగి రాసేవాడు. కానీ నా తెర మీద జాబితాలో మావ బోటు లేదు. మావదే కాదు, దాని తర్వాత ఉండాల్సిన బోట్లు కూడా లేవు. జాబితా మధ్యలో తెగిపోయి ఉంది. ఇన్నాళ్ళూ పైన పెద్ద అక్షరాలు చూసి సంబరపడ్డానే గానీ, ఇంత కిందికి నేను గాని, మరొకరు గాని చూడలేదు.

కింద గది తెరిచాను. ఎర్ర గీత లేదు. అంతా శుభ్రంగా, తెల్లగా ఉంది. ఎందుకుంటుంది? చెప్పొద్దని చెప్పింది నేనే. క్యాచ్ బ్రాకెట్ల మధ్యకి వెళ్ళి, నీకేం దొరికిందో చెప్పు అని ఒక్క వరుస రాశాను. పేజీ మళ్ళీ తెరిచాను.

వచ్చింది. నలభై ఒకటో వరుస. 'లేనిదాన్ని ట్రిమ్ చెయ్యలేను' అని. దాని కింద ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ దారి అంతా ఉంది. ఏ బోటు దగ్గర ఆగిందో చూపించమంటే పదిహేడోది చూపించింది. బయల్దేరిన వేళ ఉంది. మనుషులు ఇద్దరు అని ఉంది. వచ్చిన వేళ లేదు. బోటు పేరు లేదు. ఎటు వెళ్ళారన్న చోట తాత ఒక్క వేలితో కొట్టిన మాటలు అలాగే ఉన్నాయి. శ్రీకూర్మం గోపురం వెనక కొండ కనబడేంత దూరం, పన్నెండు బారల నీరు, ఉత్తరపు పక్క.

అది చదివి వినిపించాను. అధికారి రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. గాలి ఎటు ఉంది, నీరు ఎటు లాగుతోంది లెక్క చూసుకుని, ఆ పక్కన ఉన్న పెద్ద బోట్లకి కబురు పంపాడు.

అప్పుడు తాతకి ఫోను చేశాను. నా ముక్కు మీద కోపం మళ్ళీ తిరిగొచ్చింది. "పేరెందుకు తీసేసినావు తాతా?"

తాత నసిగాడు. "పన్నెండు దాటిపోయింది గదమ్మా. ఒడ్డు మీద ఆడోలు లేసి నిలబడిపోనారు. అప్పుడింక ఆ పేరు పలకం గదా. పలకనిది రాసుంచడం ఏటని సెరిపేసినాను. నీకు తెలీదా ఏటి?"

తెలియకపోవడమేం. నాకు బాగా తెలుసు. మా ఊళ్ళో బోటు వేళ దాటిపోయి, ఇంటి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారంటే, అది తిరిగొచ్చేదాకా ఆ బోటు పేరు, అందులో ఉన్నవాళ్ళ పేర్లు ఎవరూ నోట అనరు. పేరు పిలిస్తే సముద్రం వింటుందని మా నమ్మకం. అందుకే అత్త ఫోనులో కూడా నా ఇంటి మనిషి అంది. ఈ సంగతి నేను పాలు తాగే వయసు నుంచీ ఎరుగుదును. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం మా ఊరివాళ్ళ కోసం రాస్తున్నానన్నది మరిచిపోయాను. అన్ని బోట్లకీ ఎప్పుడూ పేరుంటుందనుకున్నాను.

ఇంక ఆఫీసులో కూర్చోలేక బస్సెక్కాను. దారంతా ఆ నలభై ఒకటో వరుసే కళ్ళ ముందు. నేను ఎవరికీ చెప్పుకోలేనంత విస్మయంలో ఉన్నాను. భయం వేరే ఉంది. ఈ విస్మయం మరొకటి. ఆ మిషనుకి మావ తెలియదు, సముద్రం తెలియదు, మా నమ్మకం తెలియదు. అయినా పేరు లేని బోటు దగ్గరికి రాగానే దాటుకుని పోలేకపోయింది. పదహారు బోట్లు లెక్కపెట్టి, పదిహేడో దాని దగ్గర ఆగి, ఇక్కడ ఏదో లేదు అని పైకి విసిరింది. ఎవరు పేజీ తెరిచినా ప్రతిసారీ ఆగింది, ప్రతిసారీ విసిరింది. మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు విసిరిందో! ఊరంతా ఒడ్డున నోరు కట్టుకుని నిలబడ్డ వేళకి అదొక్కటే నోరు తెరిచి చెప్పింది. ప్రతిసారీ నా ఖాళీ క్యాచ్ దాన్ని పట్టుకుని మింగేసింది, లెక్క చివరిదాకా పోక నేను ముందే రాసిన వాక్యం పైన అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఊరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఒడ్డు మీద జనం. పెద్ద బోటొకటి దూరంగా ఆగి, దాని వెనక తాడుకి కట్టిన మా చిన్న బోటు అలల మీద పైకి లేస్తూ కనబడింది. లోపల ఇద్దరు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈదుకుంటూ వెళ్ళిన మగవాళ్ళు తాడు పట్టి ఒడ్డుకి లాగారు. మావ దిగి ఇసక మీద కూలబడ్డాడు. పెదాలు పగిలి ఉన్నాయి. అత్త పరుగు పరుగున వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, మావ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని పేరు పెట్టి పిలిచింది. మా ఇళ్ళలో పెళ్ళాం మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. ఇరవై ఏళ్ళ కాపురంలో అత్త నోట ఆ పేరు వినడం నాకదే మొదలు. మళ్ళీ మళ్ళీ పిలిచింది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న మావ సంఘం గదికి వచ్చాడు. నేనప్పటికే ప్రోగ్రాం బాగుచేస్తున్నాను. పేరు తప్పనిసరి అని పెట్టలేదు. తాత చేత ఆ పని చేయించే హక్కు నాకు లేదనిపించింది. పేరు లేని బోటు కనబడితే అన్నిటికన్నా పైన ఎర్రగా చూపించి, అధికారులకి వెంటనే కబురు పోయేలా రాస్తున్నాను. మావ నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నన్ను పట్టేసింది ఏదో, అది సూపించు."

పాత ప్రోగ్రాం తెరిచి, ఎర్ర గీత చూపించాను. మావకి చదువు రాదు. ఆ గీత మీద వేలు పెట్టి, వలలో ముడి చూసేటప్పుడు చూసినట్టే దగ్గరికి వంగి చూశాడు.

"ఇదేనా నాను?"

"నువ్వే మావా. పదిహేడోది."

"అబ్బ," అన్నాడు. ఆ ఒక్క మాటే. గోపురం కనబడని నీళ్ళలో వల వేసేవాడు, ఆ చిన్న ఎర్ర గీతని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అడిగాడు. "దీనికి ఎప్పుడు తెల్సింది?"

"తాత పేరు సెరిపినప్పుడే. పన్నెండింటికి."

"మరి నీకు?"

"మూడింటికి."

మావ లెక్క చూసుకుంటున్నాడని తెలుస్తోంది. తొమ్మిదికి ఇంజను ఆగిపోయింది. గాలి లేచాక పడవలో నీళ్ళు తోడుతూనే ఉన్నారు.

"ఒంటిగంటప్పుడు తాగేటి నీళ్ళైపోనాయి," అన్నాడు మావ మెల్లగా, నన్ను చూడకుండా. "రెండప్పుడు తమ్ముడు తోడడం మానేసినాడు. ఎవులికీ తెల్దన్నా, ఎవులూ రారు అన్నాడు. నాను గూడా అదే అనుకున్నాను."

"తెలుసు మావా. దీనికి తెలుసు. నానే నోరు నొక్కేసినాను," అన్నాను.

మావ తిట్టి ఉంటే బాగుండేది. ఎర్ర గీత మీద పెట్టిన వేలు మాత్రం చాలాసేపు తియ్యలేదు.